నీ (knee) షీల్డ్ హాఫ్ గార్డ్ దగ్గర ఆగిపోతున్నాను: తక్కువ బరువుతో ప్రెషర్ పాస్ ఎలా?

మ్యాట్_62

అందరికీ నమస్కారం. బ్రెజిలియన్ జియు-జిత్సులో బ్లూ బెల్ట్, 62 కిలోలు, గి (జాకెట్ డ్రెస్‌తో), నో-గి (అది లేకుండా) రెండూ. నిలబడి చేసే పాస్‌లు (కాళ్ల అడ్డు దాటి పక్కకి చేరడం) నా బరువువాళ్ల మీద బాగానే పోతున్నాయి. 75, 80 కిలోలవాళ్లు హాఫ్ గార్డ్‌లో (నా ఒక కాలిని తమ కాళ్ల మధ్య పట్టుకుని) నీ షీల్డ్ (మోకాలి అడ్డు) పెట్టుకుంటే మాత్రం అక్కడే ఆగిపోతున్నాను.

కుడి ఎడమల గందరగోళం రాకుండా పొజిషన్ ముందే చెప్తాను. నా కుడికాలు వాళ్ల రెండు కాళ్ల మధ్య ఇరుక్కుని ఉంటుంది. వాళ్ల కుడిపక్కకి పాస్ అవ్వాలని చూస్తాను. వాళ్లు కుడి తుంటి మీద పక్కకు తిరిగి, ఎడమ మోకాలు నా పొట్టకో ఛాతీకో అడ్డం పెడతారు. ఎడమ చెయ్యి నా కుడి చంక కిందకి దూర్చి అండర్‌హుక్ కోసం చూస్తారు.

మూడు చోట్ల చెడుతోంది. ఒకటి, ఛాతీతో ఎంత నొక్కినా వాళ్లకి బరువు తెలియడం లేదు, రెండు నిమిషాల్లో నా చేతులే అయిపోతున్నాయి. రెండు, క్రాస్‌ఫేస్ (చెయ్యి, భుజంతో ముఖం పక్కకి తిప్పడం) కోసం ఎడమచెయ్యి పంపగానే వాళ్లు అండర్‌హుక్ పట్టి మోకాళ్ల మీదకి లేచి నా వీపు వైపు వస్తున్నారు. మూడు, ఓవర్-అండర్ (ఒక చెయ్యి తొడ పైనుంచి, ఇంకోటి తొడ కిందుగా వేసే పాస్) ప్రయత్నిస్తే ట్రయాంగిల్ (కాళ్లతో మెడ బిగించే పట్టు) పడుతోంది.

అసలు ఈ బరువుకి ప్రెషర్ పాసింగ్ నప్పుతుందా? స్టాక్ చేసేటప్పుడు (కాళ్లు తల వైపు మడిచేటప్పుడు) పార్ట్‌నర్ మెడకి దెబ్బ తగలకుండా ఏం చూసుకోవాలో కూడా చెప్పండి.

గోదావరి_గ్రాప్లర్

ముందు నప్పుతుందా అన్నది తేల్చేద్దామండి. నప్పుతుంది. ఈ పాస్‌ల మాట రాగానే అందరూ బెర్నార్డో ఫారియా పేరు చెప్తారు. 2015 వరల్డ్స్‌లో తన వెయిట్‌తో పాటు ఆబ్సొల్యూట్ (అన్ని బరువులవాళ్లూ కలిసి ఆడేది) కూడా గెలిచిన మనిషి, కాదనను, కానీ ఆయన సూపర్ హెవీ. మీరు చూడాల్సింది లూకాస్ లెప్రీని. ఆయనది లైట్ వెయిట్, అంటే గితో కలిపి 76 కిలోల లోపు. అందులో పలుమార్లు ప్రపంచ ఛాంపియన్. ఆయన నీ (knee) కట్, అంటే మోకాలిని తొడ మీదుగా జార్చే పాస్, చేస్తున్న మ్యాచ్‌లు తీసుకుని తల, భుజం, తుంటి ఎక్కడెక్కడ ఉన్నాయో ఆపి ఆపి చూడండి. తొందర కనపడదు, ఇద్దరి మధ్య ఖాళీ కూడా కనపడదు.

ప్రెషర్ అంటే మీ ఒంటి బరువులో మ్యాట్‌కి పోకుండా అవతలి మనిషికి అందే వాటా. 80 కిలోలవాడు మోకాళ్లు, మోచేతులు మ్యాట్ మీద ఆనించుకుని పడుకుంటే అందులో సగం కూడా కింద ఉన్నవాడికి చేరదు. 62 కిలోలవాడు మోకాళ్లు లేపి భుజం మీదకి ఒరిగితే చాలావరకు చేరుతుంది. నమ్మకం కుదరకపోతే బరువు తూచే మెషిన్ నేల మీద పెట్టి, దాని మీద భుజం ఆనించండి. మొదట మోకాళ్లు నేలకి పెట్టి, పిరుదులు మడమల మీద ఉంచి అంకె చూడండి. తర్వాత మోకాళ్లు రెండంగుళాలు లేపి, కాలివేళ్లు నేలకి గుచ్చి, తుంటిని భుజం వైపు నెట్టి చూడండి. తేడా అక్కడే తెలుస్తుంది. మీ చేతులు అలిసిపోవడానికి కారణం కూడా ఇదే. తుంటి వెనక ఉండిపోయింది, అందుకని ఆ లోటు చేతులతో లాగి పూడుస్తున్నారు.

రెండోది, బరువు ఆనే చోటు ఎంత చిన్నదైతే అంత గుచ్చుకుంటుంది. ఛాతీ మొత్తం పరిచి పడుకుంటే బరువు పలచబడిపోతుంది. పట్టి ఉంచడానికి ఛాతీ బాగుంటుంది, తల తిప్పడానికి భుజం కావాలి. మీ పొజిషన్‌లో మీ ఎడమ భుజం వాళ్ల కుడి దవడ మీద, చెవి కింద దవడ ఎముక మలుపు తిరిగే చోట పడాలి. ముక్కు మీద, పళ్ల మీద కాదు. అది నొప్పే తప్ప పట్టు కాదు. వాళ్ల ముఖం వాళ్ల ఎడమవైపుకి తిరిగిపోవాలి. వాళ్లు బతికేది మీ వైపు, అంటే కుడి తుంటి మీదకి తిరగడం వల్ల. తల ఎడమకి తిరిగి ఉంటే ఒళ్లు కుడికి తిరగదు. అండర్‌హుక్ చేతిలో ఉన్నా పైకి లేవలేరు.

మూడోది, దిశ. నిట్టనిలువుగా కిందకి నొక్కితే వాళ్లు తుంటి పక్కకి జరిపి తప్పుకుంటారు. ఏటవాలుగా, వాళ్ల తల వైపు తోస్తూ నొక్కాలి. వాళ్లు ఊపిరి వదిలినప్పుడల్లా ఒక వేలి మందం ముందుకి జరగండి. ఊపిరి పీల్చినప్పుడు వెనక్కి ఇవ్వకండి. ప్రెషర్ పాసింగ్ అంతా ఈ వదులు లాగేసుకోవడమేనండి. ఒక్క ఊపులో చేసేద్దామనుకుంటే తక్కువ బరువువాడికి ఎప్పుడూ పని జరగదు.

ఇక మీ రెండో ఇబ్బంది. నీ షీల్డ్ నిలబడి ఉండగానే ఎడమచెయ్యి చాపితే మీ ఒళ్లు మెలి తిరిగి కుడి మోచెయ్యి పక్కటెముకలకి దూరమవుతుంది. అండర్‌హుక్ ఆ సందులోంచే వస్తోంది. కాబట్టి మోకాలు ఎక్కడుందో ముందు చూసుకోండి.

మోకాలు కిందగా, బొడ్డు దగ్గరో తుంటి దగ్గరో ఉంటే పై ఒళ్లు మీకు దొరుకుతుంది. తుంటిని కొంచెం వెనక్కి కిందకి దించి, పొత్తికడుపుతో వాళ్ల పిక్క ఎముకని నొక్కి ఉంచండి. కుడి మోచెయ్యి పక్కటెముకలకి అతికించుకుని, తలని వాళ్ల గడ్డం కిందకి పంపి, ఆ తర్వాతే ఎడమచెయ్యి మెడ వెనకగా వాళ్ల ఎడమ భుజం దాకా పోనివ్వండి. గిలో అయితే అక్కడ కాలరో భుజం మీది గుడ్డో దొరుకుతుంది. కుడిచేత్తో వాళ్ల ఎడమ చంక కింద అండర్‌హుక్ తీసుకుని రెండు అరచేతులూ వాళ్ల ఎడమ భుజం వెనక కలపండి. బొటనవేళ్లు వేళ్ల పక్కనే ఉంచాలి, విడిగా పెడితే విరుచుకుపోతాయి. ఇప్పుడు మోకాళ్లు లేపి, కాలివేళ్ల మీద నుంచి భుజాన్ని దవడలోకి తోయండి. వాళ్లు వెల్లకిలా పడేదాకా కాలు విడిపించుకునే ఆలోచనే వద్దు. వెల్లకిలా పడ్డాక షీల్డ్ మోకాలు దానంతట అదే వాళ్ల ఎడమపక్కకి తెరుచుకుంటుంది. మీ కుడి మోకాలిని వాళ్ల కుడి తొడ మీదుగా అడ్డంగా జార్చి మ్యాట్‌కి చేర్చేది అప్పుడే.

మోకాలు మరీ పైన కాదు, మరీ కింద కాదు, పక్కటెముకల దగ్గర గట్టిగా ఉంటే దాంతో ఎదురుగా తలపడకండి. కుడిచేత్తో ఆ ఎడమ మోకాలిని వాళ్ల కుడిపక్క మ్యాట్ వైపు నొక్కి, మీ తుంటిని తొడ బయటి పక్కన పెట్టి కూర్చోండి. రెండు మోకాళ్లూ ఒకదాని మీద ఒకటి పడి, నడుము మెలి తిరిగిపోతుంది. అక్కడ వాళ్లకి రెండే దారులు. అలాగే ఉంటే మీరు కుడికాలు వెనక్కి లాక్కుని వీపు వైపు నుంచి వస్తారు. ఆ భయంతో వెల్లకిలా తిరిగితే షీల్డ్ పోయి క్రాస్‌ఫేస్ దొరుకుతుంది. ఈ రెండింటి మధ్య వాళ్లని ఊపుతూ ఉండాలి. తొందరపడి ఒకదాన్నే పట్టుకుని లాగితే పని చెడుతుంది.

మోకాలు పైన, మీ భుజం దగ్గర ఉన్నప్పుడే ఓవర్-అండర్. దాని గురించి డాలస్_రోలర్ రాస్తే బాగుంటుంది, ఆ పాస్ మీద ఆయనకి నాకంటే మంచి పట్టు ఉంది.

కుస్తీ_నుంచి_గి

పైన చెప్పినదంతా గికి మంచిగ పనికొస్తది. నో-గిలో మాత్రం క్రమం మార్చాలె అంటాను. హైదరాబాద్ ఎండల్ల ఏసీ లేని జిమ్‌లో పది నిమిషాలు రోల్ (ప్రాక్టీస్ పోరు) చేస్తే మెడ పట్టు నిలవదు, చెమటకి జారిపోతది. పట్టుకోనీకి కాలర్ లేనప్పుడు ముందు క్రాస్‌ఫేస్ కోసం పోతే తల తప్పించుకుంటడు, నీ చెయ్యి గాల్లో ఉంటది. గందుకే నో-గిలో ముందు కుడి అండర్‌హుక్, తర్వాత తల. అండర్‌హుక్ నీదైతే వాడు నీ వీపుకి రాలేడు. గది ఖాయం చేసుకున్నంక క్రాస్‌ఫేస్ నింపాదిగ పెట్టొచ్చు.

ఇంకోటి తమ్మీ, 62 కిలోలకి నో-గిలో బాడీ లాక్‌ను మించిన పాస్ లేదని నా అభిప్రాయం. నో-గి ఛాంపియన్ గోర్డన్ రయన్ ఆటలో ఇది ముఖ్యమైన ఆయుధం, ఆయన పెద్ద మనిషే, కానీ ఈ పాస్ బరువు కన్నా పట్టు మీద నడుస్తది. నడుం చుట్టూ రెండు చేతులు లాక్ అయితే వాడు తుంటి జరపలేడు. తుంటి జరపలేనోడికి గార్డ్ (కాళ్ల అడ్డు) లేనట్టే. రెండు చేతులూ లోపలే ఉంటయి కాబట్టి ట్రయాంగిల్ భయం కూడ తక్కువ.

కూర్చున్నోడి మీద, బటర్‌ఫ్లై హుక్స్ (నీ తొడల లోపల పాదాలు) పెట్టినోడి మీద ఇట్ల పెట్టు. తల వాడి ఛాతీ నడిమిట్ల, చెవి అతికిచ్చి. తల పక్కకి పోయి చంక కింద దూరితే గిల్లోటిన్ (చేత్తో మెడ బిగించే పట్టు) ఇచ్చినట్టే. చేతులు నడుం చుట్టూ తిప్పి లాక్ చెయ్యి, కానీ వెన్నుపూస కింద సరిగ్గా నడిమిట్ల కాదు. వాడు వెల్లకిలా పడంగనే నీ చేతులే వాడి బరువు కింద ఇరుక్కుంటయి. లాక్‌ని ఒక పక్కకి, తుంటి ఎముక వెనకకి జరిపి పెట్టుకో. మోచేతులు వాడి పక్కలకి గట్టిగ ఒత్తు. ఆ తర్వాత ఛాతీతో వెనక్కి తోసి పడగొట్టు.

పడ్డంక హుక్స్ ఇంకా ఉంటయి. చాలామంది గప్పుడే ముందుకి ఉరుకుతరు, ఆ హుక్స్ మీదనే గాల్లోకి లేస్తరు. ముందుకి పోవద్దు. నీ కాళ్లు వెనక్కి చాపి తుంటి మ్యాట్‌కి దించు. కుస్తీల స్ప్రాల్ చేసినట్టే. వాడి కాళ్లు సాగిపోయి హుక్స్‌లో బలం తగ్గుతది. గప్పుడు ఒక మోకాలితో వాడి తొడని లోపలికి తోసి, ఆ కాలు దాటి హాఫ్ గార్డ్‌లోకి రా. లాక్ మాత్రం ఇడువకు. కాలు విడిపించుకుంటున్నప్పుడు కూడ లాక్ ఉండాలె, సైడ్ కంట్రోల్‌కి (కాళ్లు దాటి పక్క నుంచి ఛాతీ మీద పట్టు) వచ్చినంకనే క్రాస్‌ఫేస్‌కి మారాలె.

నీ షీల్డ్ పెట్టినోడి మీద అయితే ముందు మోకాలిని దించాలె, లేకుంటే నడుం అందదు. గోదావరి అన్న చెప్పినట్టు మోకాలిని మ్యాట్ వైపు నొక్కి, గా క్షణంల నడుం చుట్టుకో.

చెడేది ఎక్కడ అంటే, లాక్ పైకి పక్కటెముకల దాకా జారినప్పుడు. గట్ల జారితే కింద తుంటికి స్వేచ్ఛ దొరుకుతది, మోకాలు మళ్లీ లోపలికి వస్తది. లాక్ ఎప్పుడూ బెల్ట్ కట్టే చోటు కన్నా పైకి రావొద్దు. కుస్తీ ఆడినోళ్లకి ఇంకో అలవాటు కూడ ఉంటది, లాక్ దొరకంగనే పక్కటెముకలు పిండుడు. అందుల ఫాయిదా లేదు. ముంజేతులు మండిపోతయి, పార్ట్‌నర్‌కి పక్కటెముకల దగ్గర మెత్తటి ఎముక దెబ్బ తింటది, అది తగ్గనీకి వారాలు పడతది. లాక్ ఖాళీ లేకుండ ఉంటే చాలు, పిండే పని లేదు.

డాలస్_రోలర్

ట్రయాంగిల్ విషయం చెప్తాను. ఓవర్-అండర్‌లో ట్రయాంగిల్ పడిందంటే కారణం చాలాసార్లు ఒక్కటే, కింద నొక్కి పెట్టాల్సిన కాలు వదిలేశారు. మీ భుజం మీద ఉన్న కాలు ఒక్కటే ట్రయాంగిల్ చెయ్యలేదు, మెడ మీదకి వచ్చాక మూయడానికి రెండో కాలు కావాలి. కాబట్టి కంగారుపడి పై కాలితో పోట్లాడకండి, కింద కాలిని కాపలా కాయండి.

మీరు చెప్పిన పొజిషన్ నుంచే వద్దాం. వాళ్ల ఎడమ మోకాలు పైకి, మీ కుడి భుజం దాకా వచ్చింది. అంటే వాళ్ల ఎడమ తొడ కింద ఖాళీ ఏర్పడింది. మీ కుడిచెయ్యి ఆ తొడ కిందుగా పంపి, కుడి భుజాన్ని తొడ వెనక కండరంలోకి గుచ్చండి. ఇది అండర్. మీ ఎడమచెయ్యి వాళ్ల కుడి తొడ పైనుంచి చుట్టి, ఎడమ చంకతో ఆ తొడని మ్యాట్‌కి నొక్కండి. ఇది ఓవర్. హాఫ్ గార్డ్‌లోంచి రావడంలో ఉన్న లాభం ఏంటంటే, మీ ఎడమకాలు ఆ కుడికాలిని ముందే దాటి ఉంది. సగం పాస్ అయిపోయి ఉంటుంది.

చేతులు. గిలో ఎడమచేత్తో వాళ్ల పిరుదు వెనక ప్యాంట్‌నో బెల్ట్‌నో పట్టుకోండి. కుడిచెయ్యి తొడ చుట్టూ తిరిగి వాళ్ల బెల్ట్‌నో, లోపలి ల్యాపెల్‌నో అందుకోవాలి. నో-గిలో రెండు చేతులూ కలిపేయండి. కుడి మోచెయ్యి చాచి ఉంచారంటే ట్రయాంగిల్ కాకపోయినా ఆర్మ్‌బార్ (మోచెయ్యి విరిచే పట్టు) ఎదురుచూస్తూ ఉంటుంది. చెవి వాళ్ల పొత్తికడుపుకి అతికి ఉండాలి. తల లేచిందంటే చేతులతో తోసి దూరం చేస్తారు.

కాళ్లు. మీ మోకాళ్లు మ్యాట్ మీద ఉంటే ఈ పాస్ పనిచేయదు. తుంటి లేపి, కాలివేళ్ల మీద నిలబడి, బరువంతా కుడి భుజం మీదకి, నొక్కి పెట్టిన తొడ మీదకి పోనివ్వండి. తర్వాత చిన్న చిన్న అడుగులతో వాళ్ల కుడిపక్కకి నడవండి. ఒక్కో అడుగు అరచెయ్యి వెడల్పు, అంతకు మించొద్దు. పెద్ద అడుగు వేస్తే ఒక కాలు గాల్లో ఉన్న ఆ కాస్త సమయంలో తొడ మీద బరువు పోతుంది, వాళ్ల కుడి మోకాలు లోపలికి దూరిపోతుంది, ఆ వెంటనే ట్రయాంగిల్. మీకు జరుగుతున్నది బహుశా ఇదే.

నడుస్తూ వాళ్ల తుంటి దాటారు అనిపించాక కూడా చంక తొందరగా విప్పకండి. ముందు మీ తుంటిని వాళ్ల కుడి తుంటి ఎముకకి ఆనించి అడ్డు పెట్టండి. తర్వాత ఎడమచెయ్యి తల దగ్గరకి పంపండి. కుడిచెయ్యి వాళ్ల ఎడమ తొడ కింద అలాగే ఉండనివ్వండి. అది ఉన్నంతసేపూ వాళ్లు మోకాలు తిరిగి లోపలికి తేలేరు. ఇలా నెమ్మదిగా నడుస్తుంటే చాలామంది తలని రెండు చేతులతో నెడతారు. నెట్టనివ్వండి. చేతులు చాచి నెడుతున్నారంటే మోచేతులు పక్కటెముకల నుంచి విడిపోయాయి, సైడ్ కంట్రోల్‌కి చేరాక అడ్డుపెట్టడానికి ఫ్రేమ్ మిగలదు.

ఒకవేళ ట్రయాంగిల్ సగం పడితే తల పైకి లాగొద్దు. అది వాళ్లకి కావాల్సిన ఖాళీ ఇస్తుంది. నడుము నిటారు చేసి, భుజం ముందుకి తోసి, చంకతో ఆ కుడి తొడని మళ్లీ మ్యాట్‌కి నొక్కండి. మూసిన కాళ్లు విడిపోతే మొదటికి వచ్చినట్టే.

స్టాక్ గురించి అడిగారు, ఇది అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. రెండు తొడల కిందా చేతులు వేసి మడిచేటప్పుడు పార్ట్‌నర్ బరువు వాళ్ల రెండు భుజాల వెనక, వీపు పైభాగం మీద నిలవాలి. మెడ మీద కాదు. వాళ్ల పిరుదులు తల దాటి వెనక్కి పోతున్నాయంటే మీరు ఎక్కువ మడిచారు. అక్కడ ఆపి పక్కకి నడవండి. మీద పడొద్దు, గెంతొద్దు. వాళ్ల తల ఒక పక్కకి తిరిగి ఇరుక్కుని ఉంటే ఇంక ఒక్క అంగుళం కూడా ముందుకి తోయకండి, తల నిటారుగా పెట్టుకునే అవకాశం ఇవ్వండి. చేతులు లోపల బందీ అయి ట్యాప్ చేయలేని (తట్టి వదలమని చెప్పలేని) స్థితి ఇందులో తరచూ వస్తుంది, అందుకే నోటితో "ట్యాప్" అంటే వెంటనే వదలాలని ముందే మాట్లాడుకోండి. 40 దాటినవాళ్ల మీద, మెడ, నడుము ఇబ్బందులున్నవాళ్ల మీద జిమ్‌లో స్టాక్ అసలే వద్దు. ఓవర్-అండర్ ఉండగా దాని అవసరం కూడా రాదు.

మ్యాట్_62

అన్నలందరికీ చాలా థ్యాంక్స్. మోకాలు ఎక్కడుందో చూసి పాస్ ఎంచుకోవాలన్నది ఇన్నాళ్లూ నాకు ఎవరూ ఇంత విడమర్చి చెప్పలేదు. ఇంకో రెండు అడుగుతాను.

క్రాస్‌ఫేస్, అండర్‌హుక్ రెండూ దొరికి, వాళ్లు వెల్లకిలా పడ్డాక కూడా నా కుడి మడమ దగ్గర కాళ్లు మెలేసి పట్టుకుంటారు. మోకాలు బయటికి వస్తుంది, పాదం రాదు. లాగితే పై పట్టు వదులవుతోంది. ఇంకొందరు లాక్‌డౌన్ వేసి (నా కాలిని రెండు కాళ్లతో మెలేసి) నా కాలు సాగదీస్తారు, మోకాలు నొప్పి పుడుతుంది.

రెండోది, వాళ్లకి అండర్‌హుక్ వచ్చేసింది, లేవడం మొదలైంది. ఇక అప్పుడు ఏం చెయ్యాలి?

గోదావరి_గ్రాప్లర్

పాదం సంగతి ముందు. లాగకండి. చేతులతో లాగినా, తుంటితో లాగినా మీ బరువు వెనక్కి వస్తుంది, వాళ్లకి కావాల్సింది అదే. పాదం ఇరుక్కున్నా మోకాలు బయటపడిందంటే వాళ్ల దగ్గర మిగిలింది చీలమండ మాత్రమే, కంగారేం లేదు.

భుజం దవడ మీద ఉంచి, తల వాళ్ల ఎడమ చెవి పక్కన మ్యాట్‌కి ఆనించండి. తల, కాలివేళ్లు ఆధారంగా తుంటి లేపండి. ఖాళీగా ఉన్న ఎడమ పాదాన్ని లోపలికి తెచ్చి, మీ కాలిని పట్టి ఉంచిన వాళ్ల మోకాలిని అరికాలితో కిందకి తోయండి. ఇటు మీ కుడి పాదం వేళ్లు పిక్క వైపు మడిచి, మడమని పిరుదు వైపు తెచ్చుకోండి. మడమ మడిస్తే సన్నటి దారిలోంచి కూడా వస్తుంది, కాలివేళ్లు చాచి ఉంటే కొక్కెంలా తగులుకుంటుంది. ఎడమ పాదం తోయడం, కుడి మడమ మడవడం ఒకేసారి జరగాలి. నాలుగైదు తోపులు పట్టొచ్చు. ఆ మధ్యలో ఒళ్లంతా పైకి, వాళ్ల తల వైపు వేళ్ల వెడల్పున జరుగుతూ ఉండండి.

పాదం బయటపడిన మరుక్షణం తుంటి మ్యాట్‌కి దించేయండి. చాలామంది అక్కడ ఊపిరి పీల్చుకుంటారు, వాళ్లు మోకాలు మళ్లీ లోపలికి తోసేస్తారు. ఐబీజేజేఎఫ్ (అంతర్జాతీయ జియు-జిత్సు సమాఖ్య) నిబంధనల ప్రకారం పాస్‌కి 3 పాయింట్లు రావాలంటే కాళ్లు దాటాక 3 సెకన్లు పట్టి ఉంచాలి. జిమ్‌లో కూడా ఆ 3 సెకన్లు లెక్కపెట్టే అలవాటు చేసుకోండి.

లాక్‌డౌన్‌కి బలం పొడవు వల్ల వస్తుంది. మీ కాలు చాపి ఉంటేనే సాగదీయగలరు. కాబట్టి మోకాలు వంచి, రెండు మోకాళ్లనూ వాళ్ల పిరుదుల వైపు జరుపుకుంటూ పైకి వెళ్లండి. వాళ్ల కాళ్లు ముడుచుకుపోయాక సాగదీయడానికి చోటుండదు. అప్పుడు మెలి పడిన చోట ఎడమ పాదంతో తోయండి. సాగదీస్తున్నప్పుడు మోకాలిలో మెలి తిప్పినట్టు నొప్పి వస్తే మొండికి పోకుండా ట్యాప్ చేయండి. పాస్ రేపు కూడా చేసుకోవచ్చు.

కుస్తీ_నుంచి_గి

అండర్‌హుక్ పోయినప్పుడు ఏం చెయ్యాలో నేను చెప్తా. వాడు ఎంత దూరం లేచిండన్నది చూడాలె.

ఇంకా పక్కకి పడుకునే ఉన్నడు, మోచెయ్యి మీదకి రాలేదు అంటే అండర్‌హుక్‌ని పట్టించుకోకు. ఎడమ ముంజేతిని దవడకి అడ్డం పెట్టి, భుజం గుచ్చి, వెల్లకిలా పడగొట్టు. వెల్లకిలా ఉన్నోడి అండర్‌హుక్‌ల ఏం బలం ఉండది.

మోచెయ్యి మీదకి లేచిండు అంటే కుడిచేత్తో వాడి ఎడమచెయ్యి పైనుంచి విజ్జర్ (వాడి చెయ్యి మీదుగా చుట్టే పట్టు) బిగించు. బిగించి చెయ్యి ఎత్తుడు కాదు, నీ కుడి తుంటిని వాడి వైపు దించి ఆ భుజం మీద బరువు పెట్టాలె. ఎడమచేత్తో తలని మ్యాట్ వైపు తొయ్యి. తల కిందకి పోయినోడు లేవలేడు. తల పైకొస్తే ఇగ విజ్జర్ ఒక్కటే ఆపలేదు.

మోకాళ్ల మీదకి వచ్చేసిండు అంటే పాస్ మర్చిపో. గప్పుడు కూడ పాస్ కోసం మొండికి పోతే వీపు ఇస్తవు. విజ్జర్ ఉంచి, కాలు విడిపించుకుని, ఎదురుబొదురు వచ్చి మళ్లీ మొదలుపెట్టు. డార్స్ చోక్ తెలిసినోళ్లకి గా సందు మంచి అవకాశం, కానీ అది వేరే థ్రెడ్‌కి సరిపోయే ముచ్చట.

ప్రాక్టీస్‌కి ఒక పద్ధతి చెప్తా, దీనికి మించినది నాకు తెల్వదు. పూర్తి రోలింగ్‌లో ఇది నేర్చుకోలేవు, ఆ పొజిషన్ వచ్చేది ఒకట్రెండు సార్లు. మూడు నిమిషాల రౌండ్లు పెట్టుకో, నీ షీల్డ్ నుంచే మొదలు. మొదటి రౌండ్ల పాస్ అయ్యేది లేదు. నీ పని వాడిని వెల్లకిలా పడగొట్టుడు, అంతే. రెండు భుజాలు మ్యాట్‌కి తగిలితే మళ్లీ మొదటికి. రెండో రౌండ్ వెల్లకిలా పడి, క్రాస్‌ఫేస్, అండర్‌హుక్ ఇచ్చిన కాడ నుంచి మొదలు. కాలు విడిపించుకుని 3 సెకన్లు పట్టాలె. కిందోడు సగం బలంతో ఆడాలె, నీకు కుదిరినకొద్దీ పెంచుకుంటూ పోవాలె. మూడో రౌండ్ల కిందోడికి అండర్‌హుక్ ముందే ఇచ్చెయ్యి.

ఇంకోటి, ఈ రౌండ్ల నీకంటే బరువున్నోళ్లనే పట్టుకోకు. మొదటి కొన్ని వారాలు నీ బరువోళ్లతో చెయ్యి. 80 కిలోలోడి మీద పట్టు జారితే ఎక్కడ జారిందో తెలవది, వాడు బరువుతోనే తప్పించుకుంటడు. నీ బరువోడి మీద జారితే ఎక్కడ ఖాళీ ఇచ్చినవో అప్పుడే తెలుస్తది.

డాలస్_రోలర్

పైదానికి ఒక్క మాట కలుపుతాను. ఆ రౌండ్లలో ఊపిరి గమనించండి. ప్రెషర్ పెట్టేవాళ్లు తెలియకుండానే ఊపిరి బిగపడతారు, అందుకే రెండు నిమిషాలకే అలుపు. పళ్లు బిగించకుండా, ముక్కుతో పీల్చి నెమ్మదిగా వదలండి. నో-గిలో చేతులు కలిపినప్పుడు కూడా, కదలిక ఉన్నప్పుడే బిగించి, కదలిక లేనప్పుడు వేళ్లు కొంచెం వదులు చేయండి. బ్లూ బెల్ట్ అడల్ట్ మ్యాచ్ 6 నిమిషాలు. ఒక పాస్‌కి ఒకటిన్నర నిమిషం పట్టినా మీ దగ్గర సమయం ఉంది.

మౌత్‌గార్డ్ వాడమని మీ పార్ట్‌నర్‌కి కూడా చెప్పండి. క్రాస్‌ఫేస్ నేర్చుకుంటున్న రోజుల్లో భుజం పెదాల మీదకి జారడం మామూలే.

మ్యాట్_62

అర్థమైంది అన్నా. ఈ శనివారం ఓపెన్ మ్యాట్‌లో నా బరువువాడితో మొదటి రౌండ్, వెల్లకిలా పడగొట్టడం మాత్రమే పెట్టుకుంటాను. ఒక్క సందేహం మిగిలింది: మొదటి రౌండ్‌లో అవతలివాళ్లు షీల్డ్ మోకాలిని పైకీ కిందకీ మారుస్తూ ఉండొచ్చా, లేక ఒకే చోట ఉంచమనాలా?

కుస్తీ_నుంచి_గి

మొదటి రెండు వారాలు ఒకే చోట, కిందనే ఉంచమను. తర్వాత మార్చమను. అప్పుడు చూసుడు కూడ మొదలైతది, మోకాలు ఎటు పోయిందో చూసి నువ్వు పాస్ మార్చాలె. మార్చేముందు మాత్రం చెప్పొద్దని చెప్పు.